రెండు సీసాలు, ఒక సూట్‌కేసు

కాజాలమ్మ ఎవరినీ గుమ్మం దాటి వెళ్ళి సాగనంపింది లేదు. ఎవరైనా సంచి భుజానికి తగిలించుకుంటే చాలు, "ఒక్క నిమిషం, పొయ్యి మీద పాలున్నాయి" అంటూ వంటింట్లోకి పోయి, మెట్ల మీద అడుగుల చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా బయటికి వచ్చేది కాదు. పొయ్యి మీద పాలూ ఉండేవి కావు, నీళ్ళూ ఉండేవి కావు. ఆ సంగతి వెళ్ళేవాళ్ళకీ తెలుసు.

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఆ వరసలో ఉన్న దర్జీలందరికీ కాజాలు కుట్టిపెట్టింది ఆవిడే. చొక్కా ఎవరు కత్తిరించినా, ఎవరు మిషను తొక్కినా, బొత్తాం దూరే కన్నం మాత్రం కాజాలమ్మ చేతిదే. అలాంటి చేతికి వణుకు పట్టుకుంది. మొదట సూదిలో దారం ఎక్కనని మొండికేసింది. ఆపైన టీ కప్పు సాసరు మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. చివరికి దర్జీలు ఒక్కొక్కరే, మొహాలు పక్కకి తిప్పుకుని, చొక్కాలు వేరే చోటికి పంపించుకున్నారు.

సరిగ్గా అదే వణుకు ఆవిడ వదినకీ వచ్చింది. వదినంటే పోయిన అన్నగారి భార్య. ఆవిడ పక్క ఊళ్ళో బస్సు కండక్టరుగా పనిచేసి దిగింది. ఉద్యోగం దిగిందే కానీ గొంతు దిగలేదు. ముగ్గురున్న గదిలోకి వచ్చినా "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అన్నట్టే ఉండేది ఆ మాట్లాడే తీరు.

"రక్తసంబంధం లేదు, ఏమీ లేదు. మనిద్దరికీ ఒకటే రోగం ఎలా వచ్చింది వదినా?" అని అడిగింది కాజాలమ్మ ఫోన్లో.

"మీ అన్నయ్య ఆస్తి ఏమీ మిగల్చలేదు కదా, దీన్నే చెరిసగం పంచి పోయాడు" అంది కండక్టరు వదిన. "అది సరేగానీ పిల్లా, మీ ఊరి పెద్దాసుపత్రిలో వణుకుకి కొత్త మందేదో పరీక్ష చేస్తున్నారట. నీ పేరూ నా పేరూ ఇచ్చేశాను. ఎల్లుండి వస్తున్నా. మందు సంగతి తేలగానే నా దారి నాది."

డెబ్భయ్యో పడిలో పడ్డ కాజాలమ్మని ఇంకా పిల్లా అని పిలిచేది ప్రపంచంలో ఆవిడొక్కతే.

వదిన సూట్‌కేసుతో దిగింది. అది నీలం రంగుది, ఒక చక్రం కిర్రుమనేది. దాన్ని ఎక్కడ పెట్టాలా అని ఇద్దరూ ఆ పూటంతా పోట్లాడుకున్నారు. మంచం కిందయితే తీసుకోవడం తేలిక అంది వదిన. బీరువా మీదే బాగుంటుంది, దుమ్ము పట్టదు అంది కాజాలమ్మ. బీరువా మీదే ఎక్కువ దుమ్ము పడుతుందని ఇద్దరికీ తెలుసు. కానీ బీరువా మీంచి దింపాలంటే కుర్చీ వేసుకోవాలి, కుర్చీ ఎక్కాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. అంత తతంగముంటే వెళ్ళేవాళ్ళు కాస్త ఆలోచిస్తారని ఆవిడ లెక్క. చివరికి బీరువా మీదికే ఎక్కింది సూట్‌కేసు.

ఆసుపత్రిలో పరీక్ష చూసే డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపికున్న పిల్ల. ఇద్దర్నీ కూర్చోబెట్టి మొదట కాగితం మీద నత్తగుల్ల లాంటి చుట్ట గియ్యమంది. కాజాలమ్మ చుట్ట చెదిరిన దారపుండలా వచ్చింది. వదిన చుట్ట కొండెక్కే రోడ్డులా వచ్చింది.

"ఈ మలుపుల్లో బస్సు తిప్పితే సగం మందికి వాంతులే" అంది వదిన తన బొమ్మ చూసుకుని.

తరవాత గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్ళు పొయ్యమన్నారు. నీళ్ళు బల్ల మీదా, డాక్టరమ్మ ఒళ్ళోనూ కూడా పడ్డాయి. అవన్నీ రాసుకున్నాక ఆ అమ్మాయి అసలు సంగతి చెప్పింది. చేరినవాళ్ళలో సగం మందికి మందు బిళ్ళలు ఇస్తారు. మిగతా సగానికి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్ళలు ఇస్తారు. వాటిలో పిండి తప్ప ఏమీ ఉండదు. ఎవరికి ఏది వెళ్ళిందో ఎవరికీ చెప్పరు.

"అదేమిటమ్మా, నీకు తెలుస్తుంది కదా?" అంది వదిన.

"నాకూ తెలీదు పెద్దమ్మా. తెలిస్తే నా మొహం చూసి మీరు కనిపెట్టేస్తారు. అందుకే నాకూ చెప్పరు. అంతా అయ్యాకే తెరిచి చూస్తారు. ఆ ఫలితాలన్నీ మందుల అనుమతి ఆఫీసుకి వెళ్తాయి. వాళ్ళు ఒప్పుకుంటేనే మందు దుకాణాల్లోకి వస్తుంది."

ఆ తరవాత ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకి వర్తించే నియమమేమిటో చెప్పడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఫ్యాను కింద కుర్చీ ఖాళీ అయింది. వదిన లేచింది, కాజాలమ్మ కూడా లేచింది. "నేను పెద్దదాన్ని" అని ఒకరు, "నేను ఈ ఊరిదాన్ని" అని ఒకరు. కుర్చీకి చెరో చెయ్యీ వేసి లాగుతుండగా డాక్టరమ్మ చెప్పాల్సింది చెప్పేసి, "అర్థమైందా?" అంది.

"అయింది, అయింది" అన్నారిద్దరూ.

ఇంటికి రెండు సీసాలొచ్చాయి. వాటి మూతలు పిల్లలు తియ్యకుండా అరచేత్తో అదిమి తిప్పేవి. చేతులు వణికేవాళ్ళకి ఇచ్చే మందుకి ఆ మూత ఎవడు పెట్టాడో వాడి చేతులు రాయిలా స్థిరంగా ఉండి ఉంటాయి. మొదటి రోజు వదిన సీసాని తొడల మధ్య ఇరికించి, పళ్ళు బిగబట్టి, ప్రయాణికుణ్ణి దించేసినట్టు కేకలేస్తే గానీ అది ఊడలేదు.

కొన్నాళ్ళకి కాజాలమ్మ చేతి వణుకు తగ్గింది. సూదిలో దారం ఎక్కింది. పాత చొక్కా ఒకటి తీసి దాని మీద ఒక కాజా కుట్టింది. అంత గొప్పగా ఏమీ రాలేదు కానీ కాజాలాగే ఉంది.

"నాకు అసలు మందే వచ్చింది వదినా!" అంది.

అన్నాక వదిన మొహం చూసింది. నాలిక కరుచుకుంది.

"నాకు పిండి వచ్చిందన్నమాట" అంది వదిన, చేతిలో కప్పు టకటకలాడుతుంటే. "అనుకున్నాలే. జీవితమంతా నాకు చిల్లరే మిగిలింది. ఈ నెల చూస్తాను పిల్లా. ఏమీ లేకపోతే ఇంటికెళ్ళి ఆ పిండితో ఏదైనా చేసుకుంటా. ఇక్కడ కూచుని పిండి మింగడమెందుకు?"

అని బీరువా మీదికి చూసింది.

కాజాలమ్మ కూడా అటే చూసింది. ఈ ఇంట్లోంచి ఇదివరకు చాలామంది వెళ్ళారు. మొగుడు వెళ్ళాడు. అన్నయ్య వచ్చి, రెండు పూటలుండి, మళ్ళీ వస్తానని వెళ్ళి, రాలేదు. కిందింట్లో అద్దెకున్న కుటుంబం వెళ్ళింది. వాళ్ళ పాప బొత్తాం ఒకటి మెట్ల మీద పడిపోతే ఇప్పటికీ డబ్బాలో దాచింది. ఏదో ఒక రోజు వచ్చి అడుగుతుందేమోనని. వదిన వచ్చాక ఇంట్లో ఒక్క క్షణం ప్రశాంతత లేదు. స్నానానికి ముందు పోట్లాట, తరవాత పోట్లాట, రేడియో ఎంత గట్టిగా పెట్టాలనే దాని మీద పోట్లాట. అదంతా ఆగిపోయి, మళ్ళీ గడియారం చప్పుడు ఒక్కటే వినపడడం మొదలైతే తను ఏమైపోవాలి?

మర్నాడు వదిన స్నానాల గదిలో దూరి పాట అందుకోగానే కాజాలమ్మ రెండు సీసాలూ తీసింది. తలుపేసుకుని, నేల మీద కూచుని, కొంగు చుట్టి మూతలు అదిమి తిప్పింది. తన బిళ్ళలు ఒక పళ్ళెంలో, వదినవి ఇంకో పళ్ళెంలో పోసింది. ఒక బిళ్ళ దొర్లుకుంటూ బీరువా కిందికి పోతే చీపురుతో లాగింది. తనవి వదిన సీసాలోకి, వదినవి తన సీసాలోకి. ఎక్కువ తక్కువలు రాకుండా చూసుకుని, మూతలు బిగించి, ఎక్కడివక్కడ పెట్టేసింది. పిండి నేను తింటాను, మందు ఆవిడ తింటుంది, చెయ్యి కుదురుకుంటే ఉండిపోతుంది. అంతే కదా.

వారం తిరగకుండానే వదిన చెయ్యి కుదురుకుంది.

"చూశావా!" అని నిండా పోసిన గ్లాసు పట్టుకుని ఇల్లంతా తిరిగింది వదిన. "నాదీ అసలుదే. కొంచెం ఆలస్యంగా అందుకుందంతే. మా డిపోలో పాత బండ్లూ ఇంతే, పొద్దున్న మొరాయించి మధ్యాహ్నం పరిగెత్తేవి."

కాజాలమ్మ సంతోషించింది. కానీ తన చెయ్యి పాడైంది. మామూలుగా కూడా కాదు, ఇదివరకెప్పుడూ లేనంతగా. పిండి తింటున్నానని తెలిసిన మనిషి కదా, గ్లాసు పట్టుకుంటే చాలు, అందులో తుఫాను రేగేది. వదినకిచ్చే టీ సగం సాసర్లోనే చేరేది. వదిన ఆ సాసరు వైపు చూసి ఏమీ అనేది కాదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో వింతే. ఒకరోజు తన సీసా మూత సరిగ్గా బిగించి లేదని గమనించింది కాజాలమ్మ. మతిమరుపు ఎక్కువైపోయింది అనుకుని బిగించింది.

అలా రోజులు గడుస్తుండగా ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. "మందుల అనుమతి ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు" అంది డాక్టరమ్మ ఫోన్లో. "మేం పరీక్ష సరిగ్గా చేస్తున్నామో లేదో చూస్తారు. కొంతమందిని నేరుగా అడుగుతారు. భయపడకండి, ఉన్నదున్నట్టు చెప్పండి చాలు."

ఉన్నదున్నట్టు! కాజాలమ్మకి అన్నం సహించలేదు. తను చేసిన పని అప్పుడు బోధపడింది. కాగితాల్లో ఏముంటుంది? మందు తిన్నావిడకి వణుకు ఎక్కువైంది, పిండి తిన్నావిడకి తగ్గింది, అని ఉంటుంది. ఆఫీసువాళ్ళు అది చూసి మందుని చెత్తబుట్టలో వేస్తారు. ఇంకా నయం, పిండికి అనుమతి ఇచ్చినా ఇస్తారు! ఊరూరా చేతులు వణికేవాళ్ళందరూ డబ్బిచ్చి పిండి కొనుక్కుంటారు. అదంతా ఒక్క తన మూలాన. చెప్పేద్దామంటే, తప్పు చేసినవాళ్ళని పరీక్షలోంచి గెంటేస్తారు. గెంటేస్తే వదినకి ఈ ఊళ్ళో పనేముంది? సూట్‌కేసు దిగుతుంది. చెప్పకపోతే లోకానికి పిండి, చెబితే తనకి గడియారం చప్పుడు.

ఇన్‌స్పెక్టరంటే మీసాలున్న మనిషి వస్తాడనుకుంది. వచ్చింది ముక్కు ఎర్రగా కందిపోయి, చేతిరుమాల్లో తుమ్ముతున్న సన్నపాటి మనిషి.

"జలుబుకి ఏదైనా వేసుకోకపోయారా నాయనా?" అంది వదిన కూచుంటూనే.

"దీనికి పనిచేస్తుందని మా ఆఫీసులో ఎవరూ నిరూపించలేదమ్మా ఇంకా" అన్నాడాయన దీనంగా. "ఒక్కొక్కరినీ విడిగా అడగాలి..."

"అదేం కుదరదు. ఇద్దరం ఒకే బస్సు" అంది వదిన.

ఆయన తుమ్మి, ఒప్పేసుకున్నాడు. "బిళ్ళలు రోజూ వేసుకున్నారా?"

"వేసుకున్నాం" అంది వదిన ఇద్దరి తరఫునా.

"ఎవరి సీసాలోవి వాళ్ళే వేసుకున్నారా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. దాని కిందే కూచున్నా కాజాలమ్మకి చెమటలు పోశాయి. వదిన మొహం వైపు ఒక్కసారి చూసి, బల్ల అంచు పట్టుకుంది. బల్ల కూడా వణికింది.

"లేదు బాబూ" అంది. "నేను మార్చేశాను. ఆవిడ స్నానం చేస్తుంటే. నాదే అసలు మందని తెలిసి ఆవిడకి పోసేశాను. ఆవిడ పిండి నేను తింటున్నాను. నన్ను తీసెయ్యండి, ఆవిడ్ని ఉంచండి. ఈ డాక్టరమ్మది ఏ తప్పూ లేదు. పిండికి మాత్రం అనుమతి ఇవ్వకండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

డాక్టరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్‌స్పెక్టరు తుమ్మబోయి ఆగిపోయాడు. ఎవరూ మాట్లాడకముందే కండక్టరు వదిన కుర్చీలోంచి లేచింది.

"దొంగదానా! నువ్వు మార్చావా?"

"తప్పయిపోయింది వదినా..."

"నువ్వు మార్చాక మళ్ళీ నేను మార్చానే!"

"నువ్వా? ఎప్పుడు?"

"నువ్వు పాలకి వెళ్ళినప్పుడు. నా చెయ్యి బాగుంది, నీది చూస్తే తెడ్డు వేసినట్టు ఊగిపోతోంది. నాదే అసలు మందయింది, నీకు పిండి తగిలింది అనుకున్నా. నాదంతా నీ సీసాలో పోసేశా. ఆ మూతతో నా అరచెయ్యి బొబ్బలెక్కింది తెలుసా?"

"ఎందుకు చేశావు వదినా అలాగ?"

"ఎందుకేమిటి? రోజూ సాసర్లో టీ నాకలేక" అంది వదిన, కిటికీ వైపు తిరిగి.

ఇన్‌స్పెక్టరు ఈసారి గట్టిగా తుమ్మాడు. ముక్కు తుడుచుకుని, డాక్టరమ్మ వైపు తిరిగి, "ఒకే ఇల్లు కదా వీళ్ళది? మొదటి రోజు చెప్పలేదా?" అన్నాడు.

"చెప్పానండీ" అంది ఆ అమ్మాయి, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "కుర్చీ కోసం పోట్లాడుకుంటూ 'అయింది, అయింది' అన్నారు."

"అమ్మా, వినండి" అన్నాడాయన. "ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకి రెండు రకాలు ఇవ్వరు. సీసాలు తారుమారవుతాయని ముందే తెలుసు. మీకిద్దరికీ ఒకటే ఇచ్చారు. ఇస్తే ఇద్దరికీ మందు, లేకపోతే ఇద్దరికీ ఉత్త బిళ్ళలు. ఏదో నాకూ తెలీదు. కానీ మీ రెండు సీసాల్లోనూ ఉన్నది మాత్రం ఒకటే."

"మరి నా చెయ్యి కుదురుకోవడం?" అంది వదిన.

"నా చెయ్యి పాడవడం?" అంది కాజాలమ్మ.

"అందుకేనమ్మా ఉత్త బిళ్ళలు కూడా ఇచ్చి చూసేది. వణుకన్నాక ఒక వారం తగ్గుతుంది, ఒక వారం పెరుగుతుంది. అందింది మందే అనుకుంటే కొంత తగ్గుతుంది, పిండి అనుకుంటే కొంత పెరుగుతుంది. ఇవన్నీ పోగా మందు చేసిందెంతో తేల్చడమే మా పని. ఇంతకుముందు వెళ్ళిన ఆసుపత్రిలో ఒకాయన బిళ్ళలు చిలక్కి పెట్టాడు."

"చిలక వణుకు తగ్గిందా?" అంది వదిన.

"దాన్ని మేం చేర్చుకోలేదు."

కాజాలమ్మకి ఇవేవీ పట్టలేదు. "అయితే మమ్మల్ని ఎప్పుడు తీసేస్తారు బాబూ?"

"తియ్యం. జరిగింది రాసుకుంటాం, అంతే. మందు పడనివాళ్ళనీ, మానేసినవాళ్ళనీ, మీలా తారుమారు చేసినవాళ్ళనీ అందర్నీ తీసేస్తూ పోతే చివరికి బాగుపడ్డవాళ్ళే మిగులుతారు. అప్పుడు ఏ పిండి అయినా అమృతంలాగే కనిపిస్తుంది. అందుకని ఒకసారి చేరినవాళ్ళు చివరిదాకా లెక్కలో ఉంటారు."

"మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు కూడానా?"

"వాళ్ళు కూడా. వెళ్ళిపోయారని రాస్తాం. లెక్కలోంచి మాత్రం కొట్టెయ్యం."

"పోయినవాళ్ళో?"

ఆయన రుమాలు మడత పెడుతున్నవాడు ఆగి ఆవిడ వైపు చూశాడు. "వాళ్ళు కూడా ఉంటారమ్మా" అన్నాడు మెల్లిగా.

కాజాలమ్మ కళ్ళొత్తుకుంది. ఎర్రటి ముక్కుతో తుమ్మే ఈ మనిషి ఆఫీసులో ఇంత మంచి నియమముందని ఎవరికి తెలుసు! మొగుడూ, అన్నయ్యా, కిందింటి పాపా, అందరూ ఆవిడ కళ్ళ ముందు ఫ్యాను కింద కుర్చీల్లో వరసగా కూచున్నట్టనిపించింది.

"అంతా బాగానే ఉంది" అంది కండక్టరు వదిన, అరచెయ్యి చాచి. "ఆ మూత సంగతి కూడా రాసుకో నాయనా. వణికే చేతులకి ఆ మూతేమిటి, ఎవడు పెట్టాడు, వాణ్ణి ఒకసారి ఇక్కడికి పిలిపించు."

అది కూడా రాసుకున్నాడాయన.

పరీక్ష ముగిసింది. సీసాలు తిరిగిచ్చేశారు. బస్సు గమ్యం చేరకుండా దిగే అలవాటు తనకి లేదనీ, మందు సంగతి ఆఫీసు తేల్చాకే వెళ్తాననీ వదిన ప్రకటించింది. కాగితాలు అనుమతి ఆఫీసుకి వెళ్ళాయి. ప్రపంచంలో అందరూ ఆఫీసుల ఆలస్యాన్ని తిట్టుకుంటారు. దాన్ని చూసి మురిసిపోయింది కాజాలమ్మ ఒక్కతే అయి ఉండాలి.

"ఇంకో ప్రశ్న అడిగారు పెద్దమ్మా, కాలేయం గురించి" అనేది డాక్టరమ్మ ఫోన్లో నిట్టూరుస్తూ. "ఇంకొన్నాళ్ళు పట్టేట్టుంది."

"అడగనీ తల్లీ, పాపం. కాలేయమంటే మాటలా? బాగా చూడాలి. మూత్రపిండాల గురించి అడిగారా?"

"అదీ అడిగారు."

"గుండె?"

ఎన్ని అవయవాలున్నా ఏదో ఒక రోజు అయిపోతాయి కదా. అనుమతి వచ్చింది. మందు కొందరికి బాగా పనిచేసిందట, కొందరికి ఓ మాదిరిగా. సీసా మూత మార్చమని కూడా రాశారట. డాక్టరమ్మే స్వయంగా ఇంటికొచ్చి చెప్పింది. కాజాలమ్మ వాళ్ళకి అందిందేమిటో కూడా తెరిచి చూశారట.

"ఇద్దరికీ పిండే" అంది ఆ అమ్మాయి.

వదిన కాసేపు తన చేతివైపు చూసుకుంది. "అయితే నన్ను నిండు గ్లాసుతో ఇల్లంతా తిప్పింది పిండా?"

"అవును పెద్దమ్మా."

"అసలుది సరే, రాసిస్తావు. ఆ పిండి కూడా ఓ సీసా ఇప్పించమ్మా. నాకు బాగా పడింది."

డాక్టరమ్మ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. వదిన లేచి కుర్చీ లాగింది. బీరువా దగ్గరికి లాగింది. "పిల్లా, పట్టుకో" అంది.

కాజాలమ్మ పట్టుకుంది. సూట్‌కేసు దిగింది. చక్రం కిర్రుమంది. దుమ్ము లేచింది.

"ఒక్క నిమిషం వదినా. పొయ్యి మీద పాలున్నాయి" అని కాజాలమ్మ వంటింట్లోకి పోయి, పొయ్యి గట్టుకి ఆనుకుని, చెవులు రిక్కించి నిలబడింది. మెట్ల మీద అడుగులు ఎప్పుడు మొదలవుతాయో, ఎప్పుడు ఆగుతాయో. ఎంతసేపటికీ చప్పుడు లేదు. బీరువా తలుపు తీసిన చప్పుడు మాత్రం వినిపించింది. హేంగర్లు జరిపిన చప్పుడు. తన చీరల్ని ఎవరో ఓ పక్కకి తోస్తున్న చప్పుడు.

తొంగి చూసింది. సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది. వదిన తన చీరలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెడుతోంది. "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని కాజాలమ్మ చీరల్ని గదమాయిస్తోంది.

"వెళ్ళడం లేదా వదినా?"

"నీకు చెవులున్నాయా అసలు? ఆ పిల్ల ఇందాక ఏమంది? అనుమతి ఇచ్చినంత మాత్రాన వదిలెయ్యరట. మందు బయటికొచ్చాక ఎవరికేమవుతోందో ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉంటారట. రేపట్నుంచి నువ్వూ అసలు మందు మింగుతావు. నీకేమవుతోందో ఎవరు చూస్తారు, ఆ తుమ్ముల ఇన్‌స్పెక్టరా?" వదిన ఆఖరి చీర కుక్కి, ఖాళీ సూట్‌కేసుని కాలితో మంచం కిందికి తోసింది. "ఊఁ, పాలున్నాయన్నావుగా. తే."

కాజాలమ్మ వంటింట్లోకి పరిగెత్తి, గబగబా పొయ్యి వెలిగించి, పాలు పెట్టింది.